వీఎం టెస్ట్ ఇంటరాక్టివ్‌గా నడిపితే పాస్, సీఐలో ఫెయిల్: ఎక్కడ వెతకాలి?

గోదారి_కుర్రాడు
నిక్స్‌ఓఎస్ (లినక్స్ డిస్ట్రో) టెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో రెండు వర్చువల్ మెషీన్ల (వీఎం) టెస్ట్ ఒకటి రాశాను. ఒకటి సర్వర్, ఇంకోటి క్లయింట్. సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని మీద మా వెబ్ యాప్. క్లయింట్ నుంచి కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో 8080 పోర్టుకి రిక్వెస్ట్ పంపి జవాబు వస్తే పాస్. స్క్రిప్ట్ చాలా చిన్నది: మెషీన్లు లేపడానికి స్టార్ట్_ఆల్, తర్వాత యాప్ సర్వీస్ (యూనిట్) లేచేదాకా ఆగడానికి సర్వర్.వెయిట్_ఫర్_యూనిట్, తర్వాత క్లయింట్.సక్సీడ్‌లో కర్ల్.

సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తనంతట తానే నడిపే సర్వర్‌లో) దాదాపు ప్రతిసారీ ఫెయిల్. నా ల్యాప్‌టాప్‌లో మామూలుగా బిల్డ్ చేస్తే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్. డ్రైవర్‌ఇంటరాక్టివ్ (టెస్ట్‌ని మనమే చేత్తో నడిపించే రూపం) బిల్డ్ చేసి, పైథాన్ ప్రాంప్ట్‌లో అవే లైన్లు ఒక్కొక్కటిగా టైప్ చేస్తే మాత్రం ఎప్పుడూ పాసే. ఫెయిల్ అవ్వని చోట డీబగ్ ఎలా చెయ్యాలి? రిలీజ్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_బైట్స్
సీఐ మెషీన్‌లో కేవీఎం (ప్రాసెసర్ సాయంతో వీఎంలను వేగంగా నడిపే కెర్నల్ సౌకర్యం) ఉందా? /డెవ్/కేవీఎం లేకపోతే వీఎంలను నడిపే క్యూఎమ్యూ మొత్తం సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్‌లో నడుస్తుంది. బూట్ అవ్వడానికే బోలెడంత సమయం పడుతుంది. ముందు అది చూడండి.

గోదారి_కుర్రాడు
@బెజవాడ_బైట్స్ ఉంది. బిల్డర్ ఫీచర్లలో కేవీఎం, నిక్స్‌ఓఎస్-టెస్ట్ రెండూ కనిపిస్తున్నాయి. అవి లేకపోతే బిల్డ్ మొదలే కాదు కదా. పైగా ల్యాప్‌టాప్‌లో కూడా అప్పుడప్పుడు ఫెయిల్ అవుతోంది, అక్కడ కేవీఎం బాగానే పనిచేస్తోంది.

స్వాతి_ఇన్‌ఫ్రా
కర్ల్ ఏ ఎగ్జిట్ కోడ్ ఇస్తోంది? చాలామంది లాగ్‌లో ఆ అంకె చూడకుండా వదిలేస్తారు, సగం జవాబు దాంట్లోనే ఉంటుంది. 6 వస్తే పేరు రిజాల్వ్ కాలేదు. 7 వస్తే కనెక్ట్ కాలేకపోయింది. 28 వస్తే టైమౌట్. 22 వస్తే సర్వర్ దాకా వెళ్లింది కానీ సర్వరే ఎర్రర్ ఇచ్చింది (ఫెయిల్ ఆప్షన్ పెట్టి ఉంటే).

గోదారి_కుర్రాడు
7 అండి. అదీ వెంటనే వచ్చేస్తోంది, ఆగడం లేదు.

స్వాతి_ఇన్‌ఫ్రా
అయితే ఫైర్‌వాల్ కాదు. నిక్స్‌ఓఎస్ ఫైర్‌వాల్ మామూలుగా ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేస్తుంది, అప్పుడు కర్ల్ చాలాసేపు వేలాడుతుంది. వెంటనే 7 వచ్చిందంటే ఆ క్షణంలో ఆ పోర్టు మీద వినేవాళ్లు ఎవరూ లేరు. మెషీన్ ఉంది, నెట్‌వర్క్ ఉంది, యాప్ లేదు.

పాలమూరు_పైథాన్
స్వాతి గారు చెప్పిన ఫైర్‌వాల్ లక్షణం నేను వేరే ప్రాజెక్టులో చూశాను. సర్వర్ వైపు వెయిట్_ఫర్_ఓపెన్_పోర్ట్ పాస్ అయ్యేది, క్లయింట్ మాత్రం వేలాడేది. ఆ ఫంక్షన్ మెషీన్ లోపలే లోకల్‌హోస్ట్‌కి కనెక్ట్ అయ్యి చూస్తుంది. బయటి నుంచి తలుపు తెరిచి ఉందో లేదో దానికి తెలియదు. ఫైర్‌వాల్ అనుమతించే జాబితా అలోడ్‌టీసీపీపోర్ట్స్‌లో పోర్టు చేర్చాక సరిపోయింది. యాప్ 127.0.0.1 (లోకల్‌హోస్ట్) మీద మాత్రమే వింటున్నా ఇలాగే మోసపోతాం.

ఓరుగల్లు_ఓపెన్‌సోర్స్
ఇంత తతంగం దేనికి? ఫెయిల్ అయినప్పుడు జర్నల్ (సిస్టమ్ లాగ్) మొత్తం డంప్ చేసి లాగ్ చదివితే సరిపోతుంది. ఇంటరాక్టివ్‌గా కూర్చుంటే సాయంత్రం దాకా అక్కడే. నా టెస్టులన్నిటికీ లాగులతోనే పని అయిపోతోంది.

స్వాతి_ఇన్‌ఫ్రా
@ఓరుగల్లు_ఓపెన్‌సోర్స్ లాగ్‌లో మనం ముందే అడిగినవే ఉంటాయి. ఆ క్షణంలో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయి, ఏ ప్రాసెస్ దేని కోసం ఆగింది, ఫైల్ ఓనర్ ఎవరు – ఇవి అడగాలని ముందే తెలిస్తే బగ్ సగం దొరికేసినట్టే. బతికున్న మెషీన్‌లోకి వెళ్తే కొత్త ప్రశ్న పుట్టిన వెంటనే అడగొచ్చు. లాగ్ మొదట చదవాలి, అది నిజమే. అక్కడితో ఆగాలనడమే నాకు నచ్చదు.

కెర్నల్_కిట్టు
గోదారి బ్రో, ఒక విషయం గమనించు. ఒక్కో లైన్ టైప్ చేస్తున్నావు అన్నావు. ఒక లైన్‌కీ ఇంకో లైన్‌కీ మధ్య నీకు కొన్ని సెకన్లు పడుతుంది. స్క్రిప్ట్‌కి మిల్లీసెకన్లు చాలు. రేస్ (ఏది ముందు జరుగుతుందన్న దాన్ని బట్టి ఫలితం మారే బగ్) ఉంటే నీ వేళ్లే దాన్ని దాచేస్తున్నాయి. చేత్తో టైప్ చెయ్యకు. ప్రాంప్ట్‌లో టెస్ట్_స్క్రిప్ట్() అని పిలువు, మొత్తం స్క్రిప్ట్ అసలు వేగంతోనే నడుస్తుంది. ఫెయిల్ అయితే పైథాన్ ట్రేస్‌బ్యాక్ ఇచ్చి ప్రాంప్ట్‌కి తిరిగొస్తుంది, మెషీన్లు మాత్రం ఆగవు. అప్పుడు లోపలికి వెళ్లి చూడు.

గోదారి_కుర్రాడు
@కెర్నల్_కిట్టు చేశాను అన్నా. టెస్ట్_స్క్రిప్ట్() కూడా పాసే! అందుకే ఇక్కడికి వచ్చాను.

డల్లాస్_తెలుగు
ఇంటర్నెట్ కావచ్చు. నిక్స్ బిల్డ్‌లో టెస్ట్ నడిస్తే శాండ్‌బాక్స్‌లో ఉంటుంది, బయటి నెట్ ఉండదు. అదే డ్రైవర్‌ని మన టెర్మినల్‌లో నడిపితే ప్రతి మెషీన్‌కీ క్యూఎమ్యూ యూజర్ నెట్‌వర్క్ ద్వారా మన ల్యాప్‌టాప్ నెట్ దొరుకుతుంది. లోపల 10.0.2.15 అనే అడ్రస్ కనిపించేది దానిదే. యాప్ మొదలయ్యేటప్పుడు ఎక్కడి నుంచైనా ఏదైనా దింపుకుంటుంటే ఇంటి దగ్గర పాస్, శాండ్‌బాక్స్‌లో ఫెయిల్. మా టీంలో ఒక టెస్ట్ ఇలాగే ఉండేది. లైబ్రరీ ఒకటి స్టార్టప్‌లో టైమ్‌జోన్ డేటా కోసం బయటికి వెళ్తోంది.

వర్చువలైజేషన్.రిస్ట్రిక్ట్‌నెట్‌వర్క్ ఆప్షన్‌ని ట్రూ చేసి ఇంటరాక్టివ్‌గా నడపండి. బయటి దారి మూసుకుపోతుంది. మెషీన్ల మధ్య వీలాన్ (లోపలి నెట్‌వర్క్) మామూలుగానే పనిచేస్తుంది.

గోదారి_కుర్రాడు
@డల్లాస్_తెలుగు పెట్టి చూశాను. అయినా పాసే. కానీ ఈ తేడా ఉందని నాకు ఇంతవరకు తెలియదు, ఆ ఆప్షన్ అలాగే ఉంచేస్తున్నాను.

బెజవాడ_బైట్స్
డ్రైవర్‌ని ఏ ఆప్షన్లతో నడుపుతున్నారు? పూర్తి కమాండ్ చెప్పండి.

గోదారి_కుర్రాడు
రిజల్ట్/బిన్/నిక్స్‌ఓఎస్-టెస్ట్-డ్రైవర్ --కీప్-వీఎం-స్టేట్. బూట్ అయ్యాక డేటాబేస్ మళ్లీ మొదటి నుంచి తయారవ్వకుండా ఆ ఆప్షన్ పెట్టాను.

బెజవాడ_బైట్స్
అదే! ఆ ఆప్షన్ ఉంటే పోయినసారి డిస్క్‌నే మళ్లీ వాడుతుంది. టెంప్ డైరెక్టరీలో వీఎం-స్టేట్-సర్వర్ అని ఫోల్డర్ కనిపిస్తుంది చూడండి, డిస్క్ ఇమేజ్ అందులోనే ఉంటుంది. డేటాబేస్ టేబుల్స్ అన్నీ పోయినసారివి రెడీగా ఉన్నాయి. సీఐలో ప్రతిసారీ ఖాళీ డిస్క్. రెండూ ఒకటే టెస్ట్ కాదు.

ఆ ఆప్షన్ తీసేసి టెస్ట్_స్క్రిప్ట్() పిలవండి.

కెర్నల్_కిట్టు
అవును, బైట్స్ చెప్పిందే. యాప్ మొదటిసారి లేచినప్పుడు మైగ్రేషన్లు (డేటాబేస్ టేబుల్స్ తయారుచేసే, మార్చే స్క్రిప్టులు) నడుపుతుందా?

గోదారి_కుర్రాడు
నడుపుతుంది. టేబుల్స్ అన్నీ అప్పుడే తయారవుతాయి. ఇప్పుడే ఆప్షన్ తీసి చూస్తాను.

చిత్తూరు_చక్రి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఆఫీస్ సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి ఈ డ్రైవర్ నడుపుతున్నాను. మెషీన్ విండో ఏదీ తెరుచుకోవట్లేదు. ఇంటరాక్టివ్ అంటే విండో రావాలి కదా?

పాలమూరు_పైథాన్
@చిత్తూరు_చక్రి డిస్‌ప్లే లేదని గమనిస్తే డ్రైవర్ విండో లేకుండానే నడుపుతుంది. భయం లేదు. సర్వర్.షెల్_ఇంటరాక్ట్() అని పిలువు, మెషీన్ లోపల రూట్ షెల్ దొరుకుతుంది. బయటికి రావాలంటే కంట్రోల్-డి. స్క్రీన్ మీద ఏముందో చూడాలంటే మెషీన్.స్క్రీన్‌షాట్ ఉంది, పీఎన్‌జీ ఫైల్ వస్తుంది. డెస్క్‌టాప్ యాప్ టెస్టులకు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలు గుర్తించడం) ఆన్ చేస్తే స్క్రీన్ మీద అక్షరాల కోసం కూడా ఆగొచ్చు.

చిత్తూరు_చక్రి
షెల్ వచ్చింది, థాంక్స్ అన్నా. కానీ అందులో టాప్, విమ్ సరిగా పనిచేయట్లేదు. స్క్రీన్ అంతా గజిబిజి.

డల్లాస్_తెలుగు
అది పూర్తి టెర్మినల్ కాదు, టెస్ట్ డ్రైవర్ కమాండ్లు పంపుకునే దారినే మనకి ఇస్తుంది. చిన్న కమాండ్లకి చాలు. ఎక్కువ సేపు పని ఉంటే ఎస్ఎస్‌హెచ్ పెట్టుకోవడమే మంచిది. ఇంటరాక్టివ్.నోడ్స్.సర్వర్ కింద రాస్తే అది ఇంటరాక్టివ్ డ్రైవర్‌కే వర్తిస్తుంది, అసలు టెస్ట్ మారదు. అక్కడ ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ ఆన్ చేసి, మీ పబ్లిక్ కీ ఇచ్చి, వర్చువలైజేషన్.ఫార్వర్డ్‌పోర్ట్స్‌తో హోస్ట్ 2222ని లోపలి 22కి కలపండి.

ఒక జాగ్రత్త. క్యూఎమ్యూ_నెట్_ఆప్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో చెయ్యమని చాలాచోట్ల రాస్తారు. ఒక్క మెషీన్ ఉంటే పర్లేదు. రెండు ఉంటే ఆ వేరియబుల్ రెండింటికీ వెళ్తుంది. రెండూ 2222నే అడుగుతాయి, రెండోది లేవదు.

కెర్నల్_కిట్టు
కొత్త విడుదలల్లో ఎస్ఎస్‌హెచ్‌బ్యాక్‌డోర్.ఎనేబుల్ కూడా ఉంది. వీసాక్ (హోస్ట్‌కీ వీఎంకీ మధ్య నేరు దారి) మీద నడుస్తుంది కాబట్టి పోర్టుల గొడవే లేదు. మెషీన్లకి నంబర్లు 3 నుంచి మొదలవుతాయి, ఎందుకంటే 0, 1, 2 ముందే కేటాయించి ఉన్నాయి, 2 అంటే హోస్ట్. డ్రైవర్ మొదలవ్వగానే ఏ మెషీన్‌కి ఏ కమాండ్ కొట్టాలో చూపిస్తుంది.

ఓరుగల్లు_ఓపెన్‌సోర్స్
నాకొక సందేహం. మెషీన్ బూట్ అయ్యాక స్నాప్‌షాట్ తీసుకుని, ఫెయిల్ అయిన ప్రతిసారీ అక్కడికి వెనక్కి వెళ్లొచ్చు కదా? మళ్లీ మళ్లీ బూట్ చేసే బాధ ఉండదు. మానిటర్ కమాండ్ పంపే ఫంక్షన్ ఉంది, సేవ్‌వీఎం కొడితే చాలు కదా.

కెర్నల్_కిట్టు
నాకూ అదే కావాలని ఉంది కానీ కుదరదు. ఈ మెషీన్లు హోస్ట్‌లోని నిక్స్ స్టోర్‌ని (ప్యాకేజీలుండే ఫోల్డర్) 9పీ అనే ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ ద్వారా పంచుకుంటాయి. అది మౌంట్ అయి ఉంటే క్యూఎమ్యూ వీఎం మైగ్రేషన్‌కి (డేటాబేస్‌ది కాదు, నడుస్తున్న మెషీన్‌ని స్థితితో సహా తరలించడం) ఒప్పుకోదు, సేవ్‌వీఎం కూడా దాంతోపాటే ఆగిపోతుంది. డిస్క్ స్థితి మాత్రం దాచుకోవచ్చు. అదే ఇందాక గోదారి వాడిన ఆప్షన్. అది ఎంత పనికొస్తుందో అంత తికమక కూడా పెడుతుందని ఈ థ్రెడ్‌లోనే చూశాం.

గోదారి_కుర్రాడు
దొరికింది!!

ఆప్షన్ తీసేసి టెస్ట్_స్క్రిప్ట్() పిలిస్తే మొదటిసారే ఫెయిల్, అదే 7. వెంటనే సర్వర్.షెల్_ఇంటరాక్ట్() కొట్టి లోపలికి వెళ్లాను. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో యూనిట్ యాక్టివ్, రన్నింగ్ అని పచ్చగా ఉంది. తెరిచి ఉన్న పోర్టులు చూడ్డానికి ఎస్ఎస్ -ఎల్‌టీఎన్ కొడితే 5432 (పోస్ట్‌గ్రెస్) కనిపిస్తోంది, 8080 లేదు. జర్నల్ చూస్తే మైగ్రేషన్లు ఇంకా నడుస్తున్నాయి. కాసేపాగి మళ్లీ ఎస్ఎస్ కొడితే 8080 వచ్చేసింది. ప్రాంప్ట్‌కి తిరిగొచ్చి అదే కర్ల్ లైన్ నడిపితే పాస్.

అంటే సిస్టమ్‌డీ (సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రాం) లెక్కలో యాప్ లేచినట్టే, నిజానికి ఇంకా లేవలేదు. యూనిట్‌లో టైప్ ఏదీ రాయలేదు మేము.

స్వాతి_ఇన్‌ఫ్రా
టైప్ రాయకపోతే సింపుల్. సింపుల్ అంటే ప్రాసెస్‌ని పుట్టించగానే సిస్టమ్‌డీ తన పని అయిపోయిందంటుంది. షట్టర్ ఎత్తినంత మాత్రాన దుకాణంలో సరుకు సర్దేసినట్టు కాదు కదా. వెయిట్_ఫర్_యూనిట్ అడిగేది సిస్టమ్‌డీనే, యాప్‌ని కాదు. అందుకే వెంటనే తిరిగొచ్చేసింది.

పాలమూరు_పైథాన్
పరిష్కారం ఒక్క లైన్. వెయిట్_ఫర్_యూనిట్ తర్వాత సర్వర్.వెయిట్_ఫర్_ఓపెన్_పోర్ట్(8080) పెట్టు. లేదా క్లయింట్.సక్సీడ్ బదులు క్లయింట్.వెయిట్_అంటిల్_సక్సీడ్స్ వాడు, కర్ల్ పాస్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పని అయిపోయింది.

స్వాతి_ఇన్‌ఫ్రా
@పాలమూరు_పైథాన్ ఇక్కడ మాత్రం ఒప్పుకోను. వెయిట్_అంటిల్_సక్సీడ్స్ పెడితే టెస్ట్ పచ్చబడుతుంది, నిజమే. కానీ ఈ టెస్ట్ మనకి ఒక నిజం చెప్పింది: ఈ యూనిట్ రెడీ కాకుండానే రెడీ అంటోంది. ప్రొడక్షన్‌లో ఈ యాప్ తర్వాత లేవాల్సిన సర్వీస్ ఇంకోటి ఉంటే, దాని యూనిట్‌లో ఆఫ్టర్ అని రాసినా ఉపయోగం లేదు, అదీ ఇలాగే 7 తింటుంది. లోడ్ బ్యాలెన్సర్ కూడా ముందే ట్రాఫిక్ పంపేస్తుంది. సరిచెయ్యాల్సింది టెస్ట్‌ని కాదు, యూనిట్‌ని.

పాలమూరు_పైథాన్
స్వాతి గారూ, మీ మాట సరైనదే. కానీ రిలీజ్ దగ్గర పడిందన్నాడు. ఈ రోజుకి వెయిట్_ఫర్_ఓపెన్_పోర్ట్, తర్వాత యూనిట్. అందరి యాప్‌లనీ మనం మార్చలేం కదా, బయటి వాళ్ల సాఫ్ట్‌వేర్ అయితే ఆ ఒక్క లైనే దిక్కు.

ఉత్తరాంధ్ర_ఉబుంటు
డెబియన్ వైపు ప్యాకేజీలను పరీక్షించే ఆటోపీకేజీటెస్ట్ వాడేవాళ్లకి: అక్కడ --షెల్-ఫెయిల్ అని ఇస్తే ఏ టెస్ట్ ఫెయిల్ అయినా ఆ మెషీన్‌ని తుడిచెయ్యకుండా షెల్ తెరుస్తుంది. క్యూఎమ్యూ ఇమేజ్‌తో నడిపితే మీరు చెప్పుకుంటున్న సుఖమే. నేను ప్యాకేజీ టెస్టులు రాసేటప్పుడు ఎప్పుడూ ఆ ఆప్షన్‌తోనే మొదలుపెడతాను. ఫెయిల్ అయిన మెషీన్‌ని వెంటనే పారేయడం అంటే సాక్ష్యాన్ని పారేయడమే.

కెర్నల్_కిట్టు
@ఉత్తరాంధ్ర_ఉబుంటు కరెక్ట్. కెర్నల్ మాడ్యూళ్లకైతే క్యూఎమ్యూకి -ఎస్ ఇచ్చి 1234 పోర్టులో జీడీబీ డీబగ్గర్ తగిలించడం నా అలవాటు. కెర్నల్ కమాండ్ లైన్‌లో నోకేఏఎస్‌ఎల్‌ఆర్ (కెర్నల్ అడ్రస్‌లు ప్రతి బూట్‌కీ మారకుండా ఆపేది) పెట్టడం మర్చిపోకండి, లేకపోతే సింబల్ అడ్రస్‌లు కలవక బ్రేక్‌పాయింట్లు పడవు.

గోదారి_కుర్రాడు
స్వాతి గారి మాట మా టీంలో చెప్పాను, ఒప్పుకున్నారు. టైప్ నోటిఫై పెట్టి, యాప్ పోర్టు తెరిచాక రెడీ=1 పంపేలా మార్చాం. నోటిఫై_సాకెట్‌కి ఒక చిన్న మెసేజ్ రాయడమే, కొత్త లైబ్రరీ కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు ఖాళీ డిస్క్‌తో కూడా పాస్.

కానీ సీఐలో ఇంకో రకంగా ఫెయిల్ అవుతోంది. స్టార్ట్ ఆపరేషన్ టైమ్డ్ ఔట్ అని జర్నల్‌లో వస్తోంది. తర్వాత యూనిట్ ఫెయిల్డ్, వెయిట్_ఫర్_యూనిట్ అక్కడే ఎర్రర్ ఇచ్చేస్తోంది.

బెజవాడ_బైట్స్
90 సెకన్లు. సిస్టమ్‌డీ మామూలు స్టార్ట్ టైమౌట్ అది. సింపుల్‌గా ఉన్నప్పుడు వెంటనే రెడీ అనేసేది కాబట్టి ఆ టైమౌట్ ఎప్పుడూ తగల్లేదు. ఇప్పుడు మైగ్రేషన్ల సమయం కూడా లెక్కలోకి వచ్చింది. సీఐ డిస్క్ నెమ్మదిగా ఉండి ఉంటుంది. టైమౌట్‌స్టార్ట్‌సెక్ పెంచండి.

స్వాతి_ఇన్‌ఫ్రా
పెంచితే పని జరుగుతుంది. కానీ అంతకంటే మంచిది మైగ్రేషన్‌ని వేరే యూనిట్‌గా విడదీయడం. టైప్ వన్‌షాట్ (ఒకసారి నడిచి ముగిసేది) పెట్టండి. వన్‌షాట్‌కి స్టార్ట్ టైమౌట్ మామూలుగా ఉండదు, ఎంతసేపైనా నడవనిస్తుంది. యాప్ యూనిట్‌లో రిక్వైర్స్, ఆఫ్టర్ రెండూ దానికి కట్టండి. అప్పుడు యాప్ టైమౌట్ 90 సెకన్లే ఉంచొచ్చు, యాప్ నిజంగా ఇరుక్కుపోతే పట్టుకుంటుంది. టెస్ట్‌లో కూడా రెండు సబ్‌టెస్టులుగా రాస్తే ఏ దశలో ఆగిందో లాగ్‌లోనే కనిపిస్తుంది.

ఓరుగల్లు_ఓపెన్‌సోర్స్
లాగ్‌లోనే కనిపిస్తుందన్నారు, నాకు అది చాలు 🙂 కానీ షెల్‌లోకి వెళ్లి ఎస్ఎస్ కొట్టకపోతే ఈ కేసు దొరికేది కాదని ఒప్పుకుంటున్నాను. యూనిట్ పచ్చగా ఉండి పోర్టు లేకపోవడం మా జర్నల్ డంప్‌లో కనిపించదు. ఇకనుంచి డంప్‌లో పోర్టుల జాబితా కూడా చేరుస్తాను.

చిత్తూరు_చక్రి
మైగ్రేషన్ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో కూడా ఈ డ్రైవర్‌తో చూడొచ్చా?

డల్లాస్_తెలుగు
@చిత్తూరు_చక్రి భేషుగ్గా. సర్వర్.క్రాష్() అంటే షట్‌డౌన్ చెయ్యకుండా మెషీన్‌ని చంపేస్తుంది, కరెంటు పోయినట్టే. తర్వాత సర్వర్.స్టార్ట్() అంటే అదే డిస్క్‌తో మళ్లీ లేస్తుంది. నెట్‌వర్క్ తీగ పీకేసినట్టు చెయ్యడానికి బ్లాక్(), మళ్లీ కలపడానికి అన్‌బ్లాక్(). ముందు ఇంటరాక్టివ్‌గా ఆడుకుని, ఏం జరుగుతోందో అర్థమయ్యాక స్క్రిప్ట్‌లోకి ఎక్కించు. డేటాబేస్ ఉన్న ప్రతి ప్రాజెక్టుకీ ఈ టెస్ట్ ఒకటి ఉండాలంటాను.

గోదారి_కుర్రాడు
మైగ్రేషన్‌ని వేరే వన్‌షాట్ యూనిట్‌గా విడదీశాం. టెస్ట్‌లో దానికి కూడా వెయిట్_ఫర్_యూనిట్ పెడితే, యూనిట్ ఇన్‌యాక్టివ్‌గా ఉంది, పెండింగ్ జాబులు లేవు అని ఎర్రర్ వస్తోంది. జర్నల్‌లో చూస్తే మైగ్రేషన్ శుభ్రంగా పూర్తయింది.

బెజవాడ_బైట్స్
రిమైన్‌ఆఫ్టర్‌ఎగ్జిట్ ట్రూ పెట్టండి. అది లేకపోతే వన్‌షాట్ పని ముగించగానే ఇన్‌యాక్టివ్ అయిపోతుంది. వెయిట్_ఫర్_యూనిట్ యాక్టివ్ స్థితి కోసం చూస్తుంది కాబట్టి, ఇక ఇది లేవదనుకుని ఎర్రర్ ఇచ్చేస్తుంది.

గోదారి_కుర్రాడు
పెట్టాను. ల్యాప్‌టాప్‌లో ఖాళీ డిస్క్‌తో పాస్, సీఐలో పాస్, మళ్లీ నడిపినా పాస్. స్వాతి గారికీ, బైట్స్ గారికీ, కిట్టు అన్నకీ, అందరికీ చాలా థాంక్స్. చక్రి అడిగిన క్రాష్ టెస్ట్ రేపు మొదలుపెడుతున్నాను, మైగ్రేషన్ యూనిట్ సగంలో ఉండగా సర్వర్‌ని చంపి చూస్తాను. దానికి వేరే థ్రెడ్ తెరుస్తాను.